కరెంటు పోదని కట్టకూడదు

పోయిన నెల నా భార్య చనిపోయింది. పొద్దున్నే ఆస్పత్రి నుంచి నర్సు ఫోన్ చేసి, వెంటనే రమ్మంది. నేను చేరేసరికి అయిపోయింది. ముందురోజు సాయంత్రం నా భార్యే నన్ను ఇంటికి పంపేస్తూ, "ఏం కాదు, వెళ్ళి కాస్త అన్నం తినండి" అంది. నమ్మి వెళ్ళాను. ఆమె ఏం కాదంటే నమ్మడం నాకు ఏళ్ళ తరబడి అలవాటు.

ఇక్కడ, సింగపూర్‌లో ఉన్న తెలుగువాళ్ళలో చాలామందికి ఆమె 'సౌండ్ ఆంటీ'. ఉగాది కార్యక్రమాల్లో, పిల్లల డాన్సు పోటీల్లో, కమ్యూనిటీ క్లబ్బు హాలులో స్టేజీ పక్కన కొంగు నడుముకు దోపుకొని, నేల మీద కూర్చొని తీగలు సర్దుతూ కనిపించేది. "ఆంటీ, మైక్ నాట్ వర్కింగ్ లా!" అని ఇక్కడి ఇంగ్లీషులో అరుస్తూ పిల్లలు పరిగెత్తుకొచ్చేవాళ్ళు. "మైకు బాగానే ఉందిరా, స్విచ్చే నువ్వు వెయ్యలేదు" అనేది. పరామర్శకు వచ్చినవాళ్ళందరూ ఆమెది గుండె ధైర్యం అన్నారు. నేను తలూపాను. వాళ్ళకు తెలియనిది ఒకటుంది. అది చెప్పడానికే ఇది రాస్తున్నాను.

మేం ఐటీ బూమ్ రోజుల్లో వచ్చాం. నేను కాలేజీలో లెక్కలు చెప్పడం మానేసి ప్రోగ్రామింగ్ నేర్చుకున్నాను. అప్పట్లో అలా నేర్చుకున్న ప్రతివాడికీ ఎక్కడో ఒక కుర్చీ దొరికేది. నాకు సింగపూర్‌లో దొరికింది. ఆమె కాకినాడ పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చేసింది. నా ఉద్యోగ పాస్ మీద, అంటే నా వీసా మీద, వచ్చింది కాబట్టి ఉద్యోగం చెయ్యకుండా ఇంట్లోనే ఉండేది. "నువ్వూ ఆ కోర్సు చెయ్యరాదూ?" అన్నాను ఒకసారి.

"నాకొద్దండీ. చేతికి వేడి తగలని పని నాకు పనిలా ఉండదు" అంది. ఆ వారమే సోల్డరింగ్ ఐరన్ కొనుక్కుంది.

యూ టీ అనే పేటలో ఒక ఫ్లాట్‌లో గది అద్దెకు తీసుకున్నాం. ఇంటావిడ మూడు తరాలుగా ఇక్కడే ఉన్న తెలుగు కుటుంబం మనిషి. ఆవిడ తెలుగులో సగం తమిళం, కొంచెం మలయ్. మా గదిలో మంచం, బీరువా పోగా ఒక బల్ల పట్టేంత చోటుంది. ఆ బల్ల మీదే నా భార్య యాంప్లిఫయర్లు కట్టడం మొదలుపెట్టింది.

డిజిటల్ యాంప్లిఫయర్ చిప్పులు అప్పుడప్పుడే దొరుకుతున్నాయి. పాత యాంప్లిఫయర్ పెనంలా కాలేది, ఎత్తాలంటే ఇద్దరు కావాలి. ఇది అరచేతిలో పట్టే బోర్డు, వేడెక్కదు. ఇంత చిన్నది అంత పెద్ద స్పీకర్‌ని ఎలా మోగిస్తుందని అడిగాను. "చిప్పు కుళాయి తిప్పుతుందంతే. క్షణానికి లక్షలసార్లు తిప్పుతుంది. నీళ్ళు మాత్రం ట్యాంకులోంచే రావాలిగా" అంది. ట్యాంకంటే పవర్ సప్లై. మొదట పాత లాప్‌టాప్ అడాప్టర్‌తో నడిపి చూసింది. వీణ బాగానే వచ్చింది. డోలు దెబ్బ పడేసరికి గొంతు పట్టేసినట్టు ఆగిపోయింది. "చూశారా, ట్యాంకు ఖాళీ" అని, గుండ్రటి ట్రాన్స్‌ఫార్మరు, సోడా సీసాల్లాంటి కెపాసిటర్లు తెచ్చి సప్లై కూడా తనే కట్టింది.

నా భయమంతా అక్కడే. చిప్పు కాలితే చిప్పే పోతుంది. సప్లై అంటే గోడలోని కరెంటు. అందుకని ఆమె కొన్ని నియమాలు పెట్టింది. తొలిసారి ఏది వెలిగించినా మధ్యలో ఒక మామూలు బల్బు, సీరీస్‌లో. బల్బు ఒక్కసారి మెరిసి ఆరితే అంతా సరిగ్గా ఉన్నట్టు. వెలుగుతూనే ఉంటే ఎక్కడో షార్టు. బోర్డు ముట్టుకునేటప్పుడు ఎడమ చెయ్యి వీపు వెనక, కరెంటు గుండె మీదుగా పోకుండా. నన్ను మాత్రం గోడ మీది స్విచ్చు దగ్గర నిలబెట్టేది.

"నేను వెయ్యండి అంటే వెయ్యండి. తియ్యండి అంటే తియ్యండి. మధ్యలో ఆలోచించకండి."

"ఆలోచించకుండా ఎలా?"

"లెక్కల మాస్టారికి కష్టమేలెండి."

ఒకసారి నేను తీసేలోపే ఫట్‌మని, ఫ్లాట్ మొత్తం ఆగిపోయింది. ఇంటావిడ వంటింట్లోంచి అరిచింది. "కరెంట్ పోచ్చు మా! ఫ్రిజ్‌లో ఇకాన్ ఉంది, చేప వాసనొస్తే నువ్వే తినాల!" నేను స్విచ్చు మీద చెయ్యి అలాగే ఉంచి నిలబడ్డాను. నా భార్య వెళ్ళి మీట పైకెత్తి, వచ్చి నింపాదిగా కాలిన ముక్క పీకింది. ఆమెకు భయమన్నది తెలియదనుకున్నాను.

బోర్డులో ఒక మూల చిన్న రిలే పెట్టింది. కరెంటు పోయిన క్షణంలోనే, కెపాసిటర్లు ఖాళీ అయ్యేలోపు, అది స్పీకర్‌ని విడదీసేస్తుంది. లేకపోతే ధబ్బుమని చప్పుడొచ్చి, ఏదో ఒకరోజు స్పీకర్ చిరుగుతుంది. "ఇక్కడ కరెంటు పోదు కదా, అదెందుకు?" అన్నాను.

"కరెంటు పోదని కట్టకూడదండీ" అంది తలెత్తకుండా. కాకినాడలో పెరిగిన మనిషి.

ఆ తర్వాత బూమ్ చల్లబడింది. ఒక సాయంత్రం మా మేనేజరు నన్ను గదిలోకి పిలిచి, కాంట్రాక్టు పొడిగించడం లేదన్నాడు. ఆ నెలాఖరుతో నా పాస్ రద్దు, నా పాస్‌తో పాటు ఆమెదీ. మానేసి వచ్చిన కాలేజీ మళ్ళీ తీసుకోదు. ఎన్ని చోట్ల దరఖాస్తు పెట్టినా జవాబు లేదు. మాకు మిగిలిన దారి ఒక్కటే. ఆమెకు ఉద్యోగమొస్తే ఆమె పాస్ మీద ఇక్కడే ఉండి, నేను వెతుక్కోవచ్చు.

జురాంగ్ ఈస్ట్ దగ్గర ఒక చీనా పెద్దాయన స్పీకర్ల షాపు నడిపేవాడు. గుళ్ళకు, బళ్ళకు సౌండు సిస్టమ్స్ పెట్టేవాడు. ఆమె పాత స్పీకర్లు ఆయన దగ్గరే కొనేది. తన యాంప్లిఫయర్ గురించి చెబితే, "యూ మేక్? బ్రింగ్ లా, ఐ సీ. గుడ్, ఐ గివ్ యూ జాబ్" అన్నాడట. బాగుంటే ఉద్యోగమిస్తానని, శనివారం రమ్మన్నాడు.

ఆ శనివారం రైల్లో ఆమె యాంప్లిఫయర్ పెట్టెను ఒళ్ళో పెట్టుకొని కూర్చుంది. నేను నిలబడే ఉన్నాను. "కూర్చోండి, నిలబడితే రైలు తొందరగా వెళ్ళదు" అంది.

షాపులో మామూలుగానే నేను గోడ దగ్గర. బల్బు మెరిసి ఆరింది. బల్బు తీసి నేరుగా కలిపింది. పెళ్ళి మేళం సీడీ పెట్టింది. సన్నాయి లేచింది. డోలు పడింది, ఆగలేదు. పెద్దాయన స్టూలు మీద కళ్ళు మూసుకొని వింటున్నాడు. నా చెవి పొద్దుటి నుంచీ ఒక్క మాట కోసమే కాచుకొని ఉంది: తియ్యండి.

ఉన్నట్టుండి పెద్దాయన చెయ్యెత్తాడు. "ఓపెన్! ఓపెన్ సమ్‌మోర్!"

ఓపెన్ అంటే తియ్యడం. తీసేశాను.

షాపంతా నిశ్శబ్దం.

"ఎందుకు తీశారు?" అంది నా భార్య.

"ఓపెన్ అన్నాడుగా!"

"ఓపెన్ అంటే వీళ్ళకి వెయ్యడమండీ. సౌండు ఇంకా వెయ్యమంటున్నాడు. తలుపనుకున్నారా?"

"అయ్యో, యువర్ హస్బెండ్ వాట్ డూయింగ్?" అన్నాడు పెద్దాయన. అయ్యో మాత్రం అచ్చం మనలాగే. అంతా నా వల్లే పోయిందనుకున్నాను. ఆయన స్టూలు దిగి వచ్చి స్పీకర్ ముందు వంగాడు.

"నో పాప్?" అన్నాడు, ధబ్బుమని చప్పుడు రాలేదేమని.

"నో పాప్" అంది ఆమె.

నా వైపు తిరిగి, "ఓపెన్" అన్నాడు. నేను కదల్లేదు. "వెయ్యండి" అంది ఆమె. వేశాను. సన్నాయి లేచింది. "క్లోజ్." "తియ్యండి." తీశాను. చెవి స్పీకర్‌కి ఆనించి విన్నాడు. చప్పుడు లేదు. మళ్ళీ ఓపెన్, మళ్ళీ క్లోజ్. ఆయన ఒక భాషలో చెబుతుంటే ఆమె ఇంకో భాషలోకి తిప్పుతోంది, నేను స్విచ్చు నొక్కుతున్నాను. చివరికి ఆయన మూత తీయించి ఆ చిన్న రిలే మీద వేలు పెట్టాడు.

"వై యూ పుట్ దిస్ వన్? సింగపూర్ వేర్ గాట్ బ్లాకవుట్?"

"మై ప్లేస్ గాట్, అంకుల్. కరెంట్ గోస్ వితౌట్ టెల్లింగ్."

ఆయన పొట్ట పట్టుకొని నవ్వాడు. పాస్ కాగితాలు తను చూసుకుంటానన్నాడు. "మండే, కెన్?"

"కెన్" అంది నా భార్య, వస్తానని. "హస్బెండ్ స్టే హోమ్, ఆ" అన్నాడు ఆయన.

ఆ తర్వాత చాలా ఏళ్ళు ఆమె ఆ షాపులోనే పనిచేసింది. నాకు వేరే ఉద్యోగం దొరికేదాకా ఈ దేశంలో నేను ఆమె పాస్ మీద బతికాను. ఆ మాట ఆమె ఒక్కసారి కూడా ఎత్తలేదు.

ఆ శనివారం షాపు మెట్లు దిగి, పక్కనే చిన్న చిన్న తిండి కొట్లుండే హాకర్ సెంటర్‌లో కూర్చున్నాం. చెరుకురసం తెచ్చాను. ఆమె కప్పు ఎత్తింది. రసం అంచు దాటి మణికట్టు మీదుగా కారింది. కప్పు దింపేసింది. వేళ్ళు వణుకుతున్నాయి. ఎప్పుడూ అలా చూడలేదు.

"ఏమైంది?"

"ఏం కాలేదు. పొద్దుట్నుంచీ ఇలాగే ఉంది."

"భయమేసిందా?"

"వెయ్యదా మరి?"

"ఇంట్లో చేసేటప్పుడు?"

"ప్రతిసారీ." మణికట్టు కొంగుకు తుడుచుకుంటూ అంది. "ఇద్దరం భయపడితే స్విచ్ వేసేదెవరండీ?"

కప్పును నా రెండు చేతుల్తో పట్టుకొని ఆమె ముందుకు జరిపాను. ఆమె కూడా పట్టుకొని, వంగి, స్ట్రాతో నెమ్మదిగా తాగింది. లోపల ఐసుముక్కలు ఒకదానికొకటి తగిలి గలగలమంటూనే ఉన్నాయి. ఆ వణుకు ఎవరి చేతులదో మా ఇద్దరికీ తెలియలేదు.