వంజరం కడుపు ఖాళీగా ఉంటే

వంజరం కడుపు కోసి చూస్తే లోపల ఏమీ లేదనుకోండి. ఆ చేప పస్తున్నదా, తిన్నది అరిగిపోయిందా, వలలో కొట్టుకుంటూ కక్కేసిందా? ఎమ్మెస్సీ చదివే రోజుల నుంచి ఈ ప్రశ్న నాతోనే ఉంది. దాన్ని నాకు అప్పగించిన మేడమ్ పోయిన మంగళవారం నాచారంలో ఒక నర్సింగ్‌హోమ్‌లో కన్నుమూశారు. ఆవిడ చెల్లెలు ఫోన్ చేసి "అక్కకి గొట్టం తీసేశారమ్మా" అని మాత్రం అంది. మేడమ్ పోయారని అర్థం కావడానికి నాకు కాస్త సమయం పట్టింది.

మేడమ్ మాకు చేపల జీవశాస్త్రం చెప్పేవారు. కాకినాడ వైపు మనిషి. సముద్రం లేని ఈ ఊరికి వచ్చి వంజరం మీదే జీవితం పెట్టుకున్నారు. రిటైరయ్యాక కూడా ఆదివారాలు ఉప్పల్ నుంచి నన్ను పిలిపించి చేపల మార్కెట్‌కి తీసుకెళ్లేవారు. ముక్కలు నాకు, తలా పేగులూ ఆవిడకు.

"పేగులు గూడ అడుగుతున్నరు, పిల్లిని సాదుతున్నరా మేడమ్?" అనేది చేపలమ్మే ఆమె.

"ఆ, ఇదిగో ఇదే" అని నన్ను చూపించేవారు.

"గిది జర బక్కగుంది. ఇంకింత పెట్టున్రి."

వంటగట్టు మీద పాత పేపరు పరిచి కోసేవాళ్లం. తల లోపల చిన్న చెవిరాయి ఉంటుంది. దాన్ని పలచగా అరగదీసి వెలుగుకు పెడితే వలయాలు కనిపిస్తాయి, వాటిని బట్టి వయసు చెప్పొచ్చు. మొదటి ఏడాది వంజరం ఆబగా పెరుగుతుంది, తర్వాత నెమ్మదిస్తుంది. పిల్లగా ఉన్నప్పటి నుంచే వేటాడుతుంది. నెత్తళ్లు, కవళ్లు లాంటి చిన్న చేపలు, ఏవి దొరికితే అవి. "దీని వయసు చెప్పగలను గానీ ఆకలి చెప్పలేనే" అనేవారు మేడమ్. ఖాళీ కడుపు చూసి నేను "తినలేదు" అని రాస్తే ఊరుకునేవారు కాదు.

"ఖాళీ అని రాయి. తినలేదని నీకెవరు చెప్పారు?"

ఈ వేసవిలో ఆవిడకి పక్షవాతం వచ్చింది. మాట పోయింది. చెంచా పెదవుల దాకా తెస్తే నోరు బిగించేవారు. గంజికీ అంతే, మజ్జిగకీ అంతే. మింగలేకపోతున్నారో, మింగడం ఇష్టం లేదో చెప్పలేమన్నాడు డాక్టరు. ముక్కులోంచి గొట్టం వేద్దామన్నాడు. చెల్లెలు నన్ను వరండాలోకి తీసుకెళ్లింది.

"నేను దాని వెనక పుట్టానంతే. దాని మనసు నీకే ఎక్కువ తెలుసు. వేయించమంటావా, వద్దంటావా?"

"మాట వచ్చేదాకా వేయిద్దాం పిన్నిగారూ. వచ్చాక ఆవిడనే అడుగుదాం."

మాట రాలేదు. గొట్టంలోంచి పాలూ జావా వెళ్లాయి, బుగ్గలు కాస్త నిండాయి కూడా. కానీ పడిపోని ఎడమచెయ్యి అస్తమానం ముక్కు దగ్గరికే వెళ్లేది. ఒకసారి గొట్టం లాగేసుకున్నారు. మళ్లీ వేసి, నర్సు ఆ చేతిని మెత్తటి గుడ్డతో మంచం కమ్మీకి కట్టింది.

"కట్టకుంటే గుంజేస్తరమ్మా. అందరు గట్లనే జేస్తరు, ఫికర్ జెయ్యకు."

అందరూ చేస్తే అది ఒట్టి చిరాకేనా? చివరిసారి వెళ్లినప్పుడు కట్టు విప్పి ఆ చెయ్యి నా చేతిలోకి తీసుకున్నాను. మేడమ్ నన్నే చూస్తూ చెయ్యి విడిపించుకుని ముఖం వైపు తీసుకెళ్లబోయారు. నేను వదల్లేదు. మరింత గట్టిగా లాగారు. ఎండిపోయిన ఆ వేళ్లలో అంత బలం ఉందనుకోలేదు. అప్పుడు వదిలేయాల్సిందా? అసలు ఆ రోజు వరండాలోనే వద్దనాల్సిందా? నాకు తేలడం లేదు.