మిగిలింది మాదే

గుండె దడ ఉన్నవాళ్లు ఒక గ్లాసు మంచినీళ్లు దగ్గర పెట్టుకుని చదవండి. కోదాడలో ఐదు వందల పనికి ఒప్పుకుని, వారం తిరిగేసరికి నేను ఒక శవానికి యజమానురాలినయ్యాను. తప్పెవరిదని అడగకండి. ధర చెప్పింది నేనే.

అప్పటికి సూర్యాపేటలో ప్రైవేటు బడి ఉద్యోగం మానేసి నెల కాలేదు. మానేసిన రోజు ప్రిన్సిపాల్ ఎదుట నిలబడి, "ఇక జన్మలో ఒకరి కింద పనిచేయను మేడం" అని కూడా అనేసి వచ్చాను. ఆ ఒక్క మాట అనకపోయుంటే తర్వాత అంత భయపడేదాన్ని కాదు. పెళ్లిళ్లకు వచ్చేవాళ్లకు రోజు లెక్కన కిరాయికిచ్చే ఇళ్లుంటాయి కదా, ఒకరు వెళ్లి మరొకరు దిగేలోపు వాటిని శుభ్రం చేసిపెట్టడం నా కొత్త వ్యాపారం. నేను, నాతో యాదమ్మ, రెండు చీపుర్లు, ఒక బకెట్టు. పేరు చివర మాత్రం 'సర్వీసెస్' అని తగిలించాను.

మొదటి బేరం కోదాడలో, రిటైరైన బ్యాంకు మేనేజరు గారి మూడు పడగ్గదుల ఇల్లు. చెప్పాల్సిన ధర బస్సులో దారి పొడవునా వల్లించుకుంటూ వెళ్లాను.

"ఒక్కసారికి తొమ్మిది వందలు సార్," అన్నాను.

ఆయన నన్ను చూశారు. ఏమీ అనలేదు.

"అంటే, ఎనిమిది వందలు."

ఆయన దవడ పట్టుకున్నారు.

"ఏడు. పోనీ, ఆరు వందలివ్వండి."

కళ్లు మూసుకున్నారు. అంత కోపం నేను మా ప్రిన్సిపాల్ ముఖంలో కూడా చూడలేదు. ఈ బేరం పోతే మళ్లీ ఆవిడ గది ముందు నిలబడాలి.

"ఐదు వందలు సార్. వచ్చినవాళ్లు ఏం వదిలిపోయినా మేమే చూసుకుంటాం. మిగిలింది మాదే. మిమ్మల్ని అడగం."

ఆయన బొటనవేలు ఎత్తి చూపించారు. ఆ మాటలే వాట్సాప్‌లో రాసి పంపి, గేటు దాటబోతుంటే ఆయన భార్య అంది: "ఏమనుకోకమ్మా, పొద్దున పన్ను పీకించుకున్నారు. నోటినిండా దూది. సాయంత్రం దాకా మాట్లాడొద్దన్నాడు డాక్టరు."

నాతో నేనే బేరమాడి నాలుగు వందలు ఓడిపోయాను. మీరు నవ్వుతున్నారు, నవ్వండి. అసలు కథ ముందుంది.

వారం తర్వాత మిర్యాలగూడ పెళ్లివాళ్లు ఆ ఇంట్లో దిగి, పొద్దున్నే రెండు బండ్లలో వెళ్లిపోయారు. మేం తాళం తీశాం. మొదటి గదిలో షాంపూ ప్యాకెట్లు, రెండో గదిలో సగం డబ్బా లడ్డూలు దొరికాయి. మూడో గదిలో ఏసీ నడుస్తోంది. మంచం మీద తల నుంచి మడమల దాకా దుప్పటి. బయటికి రెండు పాదాలు, వాటికి పసుపు.

"మేడం, గీడ ఎవరో పండుకున్నరు," అంది యాదమ్మ.

"పిలువు."

"మీరే పిల్వుండ్రి. రేటు మాట్లాడింది మీరు."

"అమ్మా," అన్నాను. కదలిక లేదు. వేలితో పాదం తాకాను. మంచుగడ్డ.

"ఖతం," అంది యాదమ్మ.

పోలీసులు కళ్ల ముందు కనబడ్డారు, వాళ్ల వెనకే ప్రిన్సిపాల్. మేనేజరు గారికి ఫోన్ చేసి స్పీకర్ పెట్టాను.

"సార్, గదిలో ఒకటి మిగిలింది."

పన్ను నొప్పి తగ్గిందేమో, గొంతు హుషారుగా ఉంది. "మిగిలింది మీదేనమ్మా. మీరే రాసిచ్చారుగా."

"చాలా పెద్దది సార్."

"తెలుసు. నిన్న ఇద్దరు పట్టుకుని లోపలికి మోసుకెళ్తుంటే చూశాను."

"ఇప్పుడేం చెయ్యాలి సార్?"

"ఫ్రిజ్‌లో పెట్టండి. మధ్యాహ్నానికి పాడైపోతుంది."

"పట్టదు సార్."

"ముక్కలు కొయ్యండమ్మా. వంటింట్లో కత్తి ఉంటుంది. సగం యాదమ్మకివ్వండి."

"నా సగం నాకొద్దు మేడం," అని యాదమ్మ గోడకు అతుక్కుపోయింది.

అప్పుడు దుప్పటి మాట్లాడింది. "ఎవలే మీరు? జర గా ఏసీ బందు పెట్టుండ్రి. సలికి సస్తున్న."

నేనూ యాదమ్మా ఒకేసారి గుమ్మంలో దూరబోయి ఇరుక్కుపోయాం.

ఆవిడ పేరు నాగమ్మ, పెన్‌పహాడ్ దగ్గర ఊరు. పెళ్లికొడుకు నాయనమ్మ. ముందు బండిలో ఉందని వెనక బండివాళ్లు, వెనక బండిలో ఉందని ముందు బండివాళ్లు అనుకున్నారు. కొడుక్కి ఫోన్ చేస్తే, వెనక్కి వస్తున్నామన్నాడు. అందాకా అవ్వ కుర్చీలో కూర్చుని మేం ఊడ్చడం చూసింది.

"ఎంతకు మాట్లాడినవ్ బిడ్డా?"

"తొమ్మిది వందలని మొదలుపెట్టి ఐదు వందలకు దిగాను అవ్వా."

"ఇల్లు సూసి సెప్పినవా?"

"లేదు."

"నాట్లకు కూలీల ముఠాను తోల్కపోయేటప్పుడు మడి సూడకుంట ఏనాడన్న ధర సెప్పిన్నా? గట్టు మీద నిలవడి బురద సూసుడు, ధర సెప్పుడు, నోరు మూసుకునుడు."

"ఆయన ఏం మాట్లాడలేదు అవ్వా."

"మరి నువ్వెందుకు మాట్లాడినవ్?"

నేను ఊడ్చిన మూలనే మళ్లీ ఊడ్చాను.

అంతలో మేనేజరు గారు చేతిలో స్టీలు డబ్బాతో వచ్చారు. "కేకు కోశారా? మా ఆవిడ ఓ ముక్క అడిగింది," అంటూ గదిలోకి తొంగిచూసి, అవ్వను చూసి ఆగిపోయారు. ఇద్దరు మోసుకొచ్చిన ఆ పెద్ద కేకును పెళ్లివాళ్లు నిన్ననే తినేశారట.

అవ్వ ఆయన్ని కూర్చోమనలేదు. "గీ ఇంటికి తొమ్మిది వందలు," అంది. అని, నోరు మూసుకుంది.

ఆయన అవ్వను చూశారు. అవ్వ ఆయన్ని చూసింది. భయంతో నా నోటి దాకా 'ఎనిమిది' వచ్చింది. అవ్వ నా తొడ గిల్లింది.

"సరే, తొమ్మిది వందలే," అన్నారాయన చివరికి.

నాకు ఏడుపొచ్చింది. ఇక ప్రిన్సిపాల్ దగ్గరికి వెళ్లక్కర్లేదు. ఈలోగా బండి వచ్చింది. అవ్వ లేచి లడ్డూల డబ్బా చంకలో పెట్టుకుని, షాంపూ ప్యాకెట్లు కొంగున ముడేసుకుంది.

"అవ్వా, అవి మావి," అన్నాను మెల్లగా.

"మిగిలినయి మిగిలినదానికే," అని బండెక్కింది.

ఇప్పుడు నా ధరల కాగితంలో చివరి వరుస 'మనుషులు మిగిలితే ఛార్జి వేరు'. ఇక నా చీపురు మీద ఒట్టేసి చెబుతున్నాను: ఇల్లు చూడకుండా ధర చెప్పను, ధర చెప్పాక నోరు తెరవను, దుప్పటి ఎత్తకుండా ఎవరినీ చంపను.