అండాలక్క సంచీ

యాప్రాల్‌లో మా అపార్ట్‌మెంటు సెల్లారులోకి దిగే వాలు మీద నిన్న పొద్దున ఎవరో సైకిలెక్కి దిగుతున్నారు. తొక్కడం లేదు, ఊరికే జారనిస్తున్నారు. వెనక చక్రం నుంచి టకటకటకమని ఆ చప్పుడు. స్కూటరు తాళం తిప్పబోతున్నదాన్ని అలాగే ఆగిపోయాను. ఆ చప్పుడు వింటే నాకు ఇప్పటికీ ఒకచోట నిలవబుద్ధి కాదు. అరికాళ్ళలో చీమలు పాకినట్టుంటుంది. పని ఉందా లేదా అన్నది తర్వాతి సంగతి, ముందు ఎటైనా పోవాలి. ఈ జబ్బు నాకు పుట్టుకతో వచ్చింది కాదు. సీతాఫల్‌మండిలో మా పక్కింటి అండాలక్క అంటించింది.

అండాలక్క మా అమ్మకంటే పెద్దది. గల్లీ గల్లీ అంతా అక్కా అని పిలిచేది కాబట్టి నేనూ అక్కా అనే పిలిచాను. పొడుగ్గా, ఎండు కట్టెలా ఉండేది. చీర కుచ్చెళ్ళు ఎత్తి దోపుకుని, రంగు ఊడిపోయిన లేడీస్ సైకిలు తొక్కేది. పొద్దున వంట కాగానే గల్లీ మొదట నిలబడి, ఇవాళ తాను ఎటు పోతోందో అందరికీ వినబడేలా చెప్పేది. స్టేషన్ దిక్కా, మోండా మార్కెట్ దిక్కా, బేగంపేట దిక్కా అని. అంతే, ఒక్కొక్కరూ బయటికి వచ్చేవారు. కట్టాల్సిన కరెంటు బిల్లు, ఫాల్ కుట్టించాల్సిన చీర, నకలు తీయించాల్సిన తాళంచెవి, మందుల చీటీ, అన్నీ హ్యాండిలుకు తగిలించిన ఆమె గుడ్డ సంచీలో పడేవి. కాళ్ళకు బలపాలు కట్టుకుని తిరుగుతుందని వెనక నవ్వుకునేవారు. నవ్వుకున్న వాళ్ళే మర్నాడు ఇంకో పని చెప్పేవారు.

ఆమె భర్త రైల్వే వర్క్‌షాపుకు పోయి వచ్చేవాడు, మాట తక్కువ మనిషి. మాటలన్నీ అత్తగారివే. రాజమ్మవ్వ మోకాళ్ళు పడిపోయి గడప పక్కన నులక మంచం మీద కూర్చుని ఉండేది. వచ్చేవాళ్ళను, పోయేవాళ్ళను, చివరికి కూరగాయల బండివాణ్ణి కూడా 'ఏడికి' అని అడిగేది. కోడలు సైకిలు స్టాండు తీసిన ప్రతిసారీ ఆ ప్రశ్న పడేది. వీరమ్మ బిల్లు కట్టాలె అనో, సారు మందులు తేవాలె అనో అండాలక్క జవాబిచ్చేది. జవాబు ఇవ్వకుండా ఆ గడప దాటడం నేను చూడలేదు.

మాది విజయనగరం వైపు. నాన్న ఒక గోడౌనులో గుమాస్తాగా చేరి మమ్మల్ని తెచ్చి ఆ గల్లీలో పెట్టాడు. సాఫ్ట్‌వేర్ అన్న మాట ఊరంతా మోగుతున్న రోజులవి. డిగ్రీ అయిన ప్రతివాళ్ళూ ఏదో ఒక కంప్యూటర్ కోర్సులో చేరుతుంటే నేనూ బేగంపేటలో ఒకదానిలో చేరాను. చేరిన కొత్తలోనే బస్సులో ఒకడు నా నడుం మీద చెయ్యి వేశాడు. ఇంటికొచ్చి ఏడ్చాను. ఏడవకుండా ఉంటే బాగుండేదని తర్వాత చాలాసార్లు అనుకున్నాను, ఎందుకంటే ఆ మర్నాటి నుంచి నాన్న నన్ను ఒంటరిగా పంపలేదు. తానే తీసుకెళ్ళి, క్లాసు అయ్యేవరకు ఎదురుగా టీకొట్టు బల్ల మీద కూర్చునేవాడు. గోడౌనులో ఎన్నిసార్లని పర్మిషన్ అడుగుతాడు? ఒక సాయంత్రం చెప్పులు విప్పుతూనే చెప్పేశాడు.

"ఇంక నావల్ల అవదమ్మా. ఈ నెలతో ఆపేద్దాం. మీ పెద్దత్త ఏదో సంబంధం ఉందంటోంది, చూద్దాం."

ఆ రాత్రి నేను మా రెండు గదుల్లో ఈ గోడ నుంచి ఆ గోడకు తిరుగుతూనే ఉన్నాను. కోర్సు ఆగిపోతుందన్న బాధ కంటే, ఇక ఆ గదుల్లోనే తిరుగుతూ ఒకరోజు ఇంకొకరి గదుల్లోకి వెళ్ళిపోతానన్న ఊహకు ఎక్కువ భయపడ్డాను. మధ్యగోడ పలచన. అండాలక్కకు అంతా వినబడే ఉంటుంది. మర్నాడు నల్లా దగ్గర బిందె పెట్టి, సైకిలు వస్తదా బిడ్డా అని అడిగింది. రాదన్నాను. అయితే రేపు పొద్దుగాల రైల్వే క్వార్టర్ల గ్రౌండుకు రమ్మంది.

గ్రౌండులో నేను పడినన్ని సార్లు ఎవరూ పడి ఉండరు. ఆమె పట్టుకునేది కాదు. పడ్డాక లేపేది కూడా కాదు. దూరంగా నిలబడి, కింద చూడకు, ముంగట చూడు అనేది. వాళ్ళ చెల్లెలి కూతురు పెళ్ళయి వదిలేసిన సైకిలు అడిగి తెచ్చింది. మోచేతులు గీరుకుపోయి ఇంటికి వస్తే నాన్న కంగారు పడ్డాడు. ఆడపిల్లకి సైకిలేటండీ, రోడ్డు మీద అందరూ ఏటనుకుంటారు అని ఆమెతోనే అన్నాడు. అండాలక్క వాదించలేదు. తలూపి వెళ్ళిపోయింది. తెల్లారి గల్లీ మొదట నిలబడి, సోమవారం నుంచి ఈ పిల్ల బేగంపేట దిక్కు పోతది, ఎవరికైనా పనులుంటే చెప్పుకోండని చాటేసింది.

నల్లా దగ్గర ఆమెను పట్టుకున్నాను. ఇదేంటక్కా, నేను క్లాసుకు కదా పోవాలి అన్నాను. ఆమె బిందె కింద పెట్టి నా వైపు చూసింది.

"ఒట్టి చేతులతోని పోతే ఆడిపిల్ల ఏడికి తిరుగుతుందంటరు. చేతిల సంచి ఉంటే ఎవ్వడు అడగడు. గల్లీ పని మీద పోతున్నవనుకుంటరు. మీ నాయిన సుత గట్లనే అనుకుంటడు."

అలాగే జరిగింది. మొదటి పని చెప్పింది మా ఇంటి ఓనరు. ఆయన కళ్ళజోడు బేగంపేటలో రిపేరుకు ఇచ్చి ఉంది. ఓనరు మాటకు నాన్న ఎన్నడూ ఎదురు చెప్పలేదు, అప్పుడూ చెప్పలేకపోయాడు. నేను సంచీ తగిలించుకుని గల్లీ దాటుతుంటే గుమ్మంలో నిలబడి గడ్డం గోక్కున్నాడు. ఆ వారం పోకముందే పుల్ల విరిగిన తన గొడుగు తెచ్చి నా సంచీలో పెట్టాడు. మొహం పక్కకు తిప్పుకుని, దారిలో ఎక్కడైనా బాగుచేయించమన్నాడు. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

ఆలుగడ్డబావి వంతెన కింద నిలిచిన నీళ్ళలో కాళ్ళు పైకెత్తి జారడం, స్టేషను ముందు ఆటోల మధ్య సందు వెతుక్కోవడం, ప్యారడైజ్ దగ్గర సిగ్నలు పడకముందే ఒక్క ఊపున దాటేయడం, ఇవన్నీ నేర్చుకున్నాను. పనుల్లో పొరపాట్లు లేకపోలేదు. ఒకసారి ఒకరి చీర ఇంకొకరింట్లో ఇచ్చేశాను, ఆవిడ ఫాల్ బాగా కుట్టించావని మెచ్చుకుని పేరంటానికి కట్టుకెళ్ళింది. పేరంటంలో చీర సొంతదారు కూడా ఉంది. అయినా పనులు చెప్పడం ఎవరూ మానలేదు. క్లాసు రెండు గంటలే, నేను మాత్రం సగం రోజు బయట ఉండేదాన్ని. ఇంటికి వస్తే కూర్చోబుద్ధి అయ్యేది కాదు.

ఒక మధ్యాహ్నం క్లాసు తొందరగా అయిపోయింది. అప్పట్లో బేగంపేటలోనే ఉన్న విమానాశ్రయం గోడ పక్క రోడ్డు మీద వస్తుంటే అండాలక్క సైకిలు కనబడింది. ఆ పొద్దున ఆమె స్టేషన్ దిక్కు పోతున్నానని చాటింది, నా చెవులతో విన్నాను. గోడకు సైకిలు ఆనించి, కొంగు నెత్తిన వేసుకుని, ఆకాశంలోకి చూస్తూ నిలబడి ఉంది. సంచీ నిండుగా హ్యాండిలుకు వేలాడుతోంది. ఏం పనక్కా ఇక్కడ అంటే తడబడింది. ఆమె తడబడటం నేను చూడటం అదే మొదటిసారి. సంచీలో ఏముందని అడిగాను. దాచలేదు, విప్పి చూపించింది. చినిగిన దుప్పటి ఒకటి ఉండచుట్టి పెట్టి ఉంది.

"ఇంట్ల కూసుంటే పానం కొట్టుకుంటది బిడ్డా," అంది. "ఈడ నిలవడితే ఇమానం నెత్తి మీదికెల్లి పోతది, గింత దగ్గర. ఎందుకు పోతున్నవంటే ఏమని చెప్పాలె? చెప్పేతందుకు ఏమన్న ఉండాలె గద."

అప్పుడే ఒకటి దిగింది. చప్పుడుకు గోడ అదిరింది. ఇద్దరం నోళ్ళు తెరుచుకుని చూశాం. ఆమె మీద నాకు కోపం రావాలేమో, రాలేదు. కొంచెం భయం వేసింది. పెళ్ళయినప్పటి నుంచి ఈమె తిరిగిన తిరుగుడులో పని ఎంత, దుప్పటి ఎంత అని లెక్క అందలేదు. వద్దన్నా ఆ ప్రశ్న నన్ను వదల్లేదు.

కోర్సు అయ్యాక బేగంపేటలోనే ఒక చిన్న ఆఫీసులో ఉద్యోగం వచ్చింది. నాన్న మిఠాయి పంచాడు, పెద్దత్త సంబంధం మాట మళ్ళీ ఎత్తలేదు. ఊళ్ళోని బిల్లుల వివరాలు కంప్యూటర్లోకి ఎక్కించడం నా పని. ఒకరోజు తెర మీద మా గల్లీ పేర్లే వరసగా వచ్చాయి. తర్వాత కొన్నాళ్ళకే, ఆ వివరాలతోనే, అన్ని బిల్లులూ ఒక్కచోట కట్టించుకునే కౌంటరు మా బజారులో తెరిచారు. గ్యాసు బుకింగు ఫోను మీదే రాసుకోవడం మొదలైంది. మందుల షాపువాడు మనిషిని ఇంటికే పంపడం మొదలుపెట్టాడు. సగం ఇళ్ళ ముందు స్కూటీలు నిలిచాయి. అండాలక్క పొద్దున గల్లీ మొదట నిలబడి చెబితే తలుపులు తెరుచుకోలేదు. తెరుచుకున్నా, అయిపోయిందక్కా అనే మాట వినబడేది.

కొన్నాళ్ళు దుప్పటితో నెట్టుకొచ్చింది. కానీ రాజమ్మవ్వ దగ్గర కూర్చుని ముచ్చట్లు చెప్పుకునేది ఆ గల్లీవాళ్ళే కదా. వీరమ్మ బిల్లు కట్టాలని ఈమె అంటే, వీరమ్మ నిన్ననే కౌంటరులో కట్టిందట గద అని ముసలావిడ అడిగేసింది. ఆనాటి నుంచి సైకిలు గోడకే ఆనుకుని ఉండిపోయింది. అండాలక్క తోమిన గిన్నెలే మళ్ళీ తోమేది. వాకిలి ఊడ్చి మళ్ళీ ఊడ్చేది. మాటలో విసురు పెరిగింది. చూడలేక ఒకరోజు నా చెప్పులు కుట్టించాలని లేని పని ఒకటి కల్పించి సంచీ ఇచ్చాను. ఆమె తిరిగి నా చేతిలోనే పెట్టింది.

"నువ్వు పోయే తొవ్వలనే ఉన్నడు గద చెప్పులోడు. నా మీద జాలి పడకు బిడ్డా, అది నాకు తక్లీఫ్ అయితది."

చెంప మీద కొట్టినా అంత నొచ్చుకునేదాన్ని కాదు. రాత్రంతా ఆ మాటే తిరిగింది.

ఒక ఆదివారం పొద్దున నేను నల్లా దగ్గర సైకిలు కడుక్కుంటున్నాను. అండాలక్క బయటికి వచ్చింది. తల దువ్వుకుంది, మంచి చీర కట్టుకుంది. చేతిలో సంచీ లేదు. స్టాండు తీసింది. రాజమ్మవ్వ మంచం మీద నుంచే, అలవాటు ప్రకారం, ఏడికి అంది. అండాలక్క రెండు చేతులతో హ్యాండిలు గట్టిగా పట్టుకుంది.

"ఏడికి లేదత్తా. ఊకెనే. జెర తిరిగొస్త."

"పనేం లేదా?"

"లేదు."

ముసలావిడ ఒట్టి హ్యాండిలు వైపు చూసింది, కోడలి మొహం వైపు చూసింది. తిట్లు షురూ అవుతాయని నేను గుడ్డ పిండటం ఆపేశాను. రాజమ్మవ్వ రెండు చేతులూ మంచం పట్టె మీద ఆనించి, లేవబోయి, లేవలేక ఆగింది.

"అయితే నన్ను సుత తీస్కపో," అంది. "ఇన్నేండ్ల సంది ఈడ కూసోని అందర్ని ఏడికి ఏడికి అని అడుగుతున్న. ఒక్కళ్ళన్న నువ్వు సుత రా అనలేదు."

అండాలక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్విందో ఏడ్చిందో నాకు తెలీదు, నేను మాత్రం ఏడ్చాను. ఆ చినిగిన దుప్పటే మడిచి క్యారియరు మీద వేసి, ఇద్దరం కలిసి అవ్వను ఎత్తి కూర్చోబెట్టాం. అండాలక్క ముందు హ్యాండిలు పట్టుకుని నడిపిస్తుంటే, నేను వెనక అవ్వ నడుం పట్టుకుని నడిచాను. గల్లీలో ఒక్కొక్కరూ బయటికి వచ్చి చూశారు. ఏడికవ్వా అని అడిగారు. రాజమ్మవ్వ ఎవరికీ జవాబు చెప్పలేదు. రైల్వే గేటు దాకా వెళ్ళాం. రెండు రైళ్ళు పోయేదాకా అవ్వ క్యారియరు మీదే కూర్చుని చూసింది. మూడోది సుత చూసి పోదామంది.

ఆ తర్వాత చాలా ఆదివారాలు అలా వెళ్ళారు. మేం ఇల్లు మారాం. ముందు రాజమ్మవ్వ, కొన్నేళ్ళకు అండాలక్క పోయారు. నా పెళ్ళీ, పిల్లలూ, యాప్రాల్, అన్నీ అయ్యాయి. ఇప్పుడు నాన్న నా దగ్గరే ఉంటున్నాడు. పనేమీ లేకుండానే నేను స్కూటరు తాళాలు తీస్తుంటాను, తాళాల చప్పుడు వినగానే బాల్కనీలో మంచం మీద నుంచి ఎక్కడికమ్మా అంటాడు. చాలాకాలం ఆ ప్రశ్నకు నాకు ఒళ్ళు మండేది. కూరగాయలకనో, బ్యాంకుకనో చటుక్కున ఒక అబద్ధం నోటికి వచ్చేది. ఇప్పటికీ ముందు అదే వస్తుంది. దాన్ని మింగి, ఊరికే నాన్నా, నువ్వూ వస్తావా అంటాను. నాకేటి పనుంది అక్కడ అని గట్టిగా అంటాడు. అంటూనే, వంగి మంచం కింద చెప్పులు వెతుక్కుంటాడు.