చప్పుడు లేని మిషను

ఉద్యోగం చేసే ఆడది టీచరో నర్సో అయి ఉంటుందని మెదక్‌లో అందరూ అనుకునే ఆ రోజుల్లో, నేను బి.ఏ. పాసై బియ్యం గోదాములో గుమస్తాగిరీ చేసేదాన్ని. ఒంటరిగా కూడా కాదు. మూలన దూలానికి చీరతో ఉయ్యాల కట్టి, అందులో నెలల పాపను పడుకోబెట్టుకుని. (ఇంట్లో పాపను చూసే మనిషి ఉంటే ఈ కథే లేదు.) వాక్యానికోసారి లేచి ఉయ్యాలలోకి తొంగిచూసే గుమస్తాను మా సావుకారు ఎలా భరించాడో ఇప్పటికీ ఆశ్చర్యమే.

అలాంటి సమయంలో ఆయన బస్తాలెత్తి పేర్చే ఫోర్క్‌లిఫ్టు కొనాలనుకున్నాడు. పట్నం నుంచి రెండు మిషన్లు పరీక్షకు వచ్చాయి, ఒకటి డీజిల్‌ది, ఒకటి బ్యాటరీది. డీజిల్‌ది కదలగానే గోదామంతా పొగ నిండి పాప దగ్గింది. బిడ్డనెత్తుకుని బయటికి పరుగెత్తాను. బ్యాటరీది మాత్రం పిల్లిలా వెనకనుంచి వచ్చేసరికి సావుకారు ఉలిక్కిపడి పక్కకు గెంతాడు.

డీజిల్‌ది కొంటే నా నౌకరీ పోయినట్టే. అందుకే ఆ మధ్యాహ్నం పొగపట్టిన బస్తాలోని బియ్యం వండి, వాసన చూడమని ఆయన ముందు పెట్టాను. మెతుకు మిగల్చకుండా తిని, కొంచెం తొక్కు కూడా ఉంటే బాగుండేదన్నాడు. ఆయన బామ్మర్దేమో కరెంటును నమ్మేదెట్లా అన్నాడు. ఉన్నప్పుడే బ్యాటరీ నింపుకుంటే పోయినప్పుడూ నడుస్తుందన్నాను. సావుకారు బాధ వేరు.

"చప్పుడే లేదు గద బిడ్డా. అది నడుస్తున్నదో పండుకున్నదో నాకెట్ల ఎరుక?"

"పొగ నా బిడ్డకు ఎరుకైంది, సావుకారూ. డీజిల్‌ది వస్తే రేపటిసంది నేను రాను."

 అన్న మాట వెనక్కి తీసుకోలేదు.

ఆయన బయటికి పోయాడు. అయిపోయిందనుకుని ఉయ్యాల విప్పి చీర మడతపెడుతున్నాను. అంతలో సావుకారు ఎద్దు మెడగంటలు తెచ్చి బ్యాటరీ మిషనుకు తన చేతులతోనే కట్టి, ఇగ నడిపించుండ్రి అన్నాడు.

"బావా, మిషిన్ కొంటున్నవా, ఎద్దును కొంటున్నవా?" అన్నాడు బామ్మర్ది.

"ఎద్దయితే గడ్డెయ్యాలెరా."

ఆ గంటలు మోగుతుంటే పాప హాయిగా నిద్రపోయేది, ఆగితే లేచేది. చప్పుడు చేస్తేనే మిషనును నమ్మే ఆ పెద్దమనిషిని తలచుకుని ఇంట్లో ఎంత నవ్వుకున్నానో.

పాప ఇప్పుడు బడికి పోతోంది. నేనిది రాస్తుంటే పక్కనే అలికిడి లేకుండా పడుకుంది. కలం పక్కన పెట్టి ముక్కు దగ్గర వేలుంచి చూశాను. ఊపిరి వెచ్చగా తగిలింది. సావుకారును చూసి నవ్విన ఆ గుమస్తా పిల్ల, అప్పటి నేను, ఇప్పుడు కనబడితే, మరీ అంత నవ్వకు అని చెప్పాలనిపిస్తుంది.