ఇంధనం లేని మంట

మా హాల్లో ఒక్క పరీక్ష చేయాలంటే గాలి ట్యాంకులు నిండటానికే సగం రోజు పడుతుంది. పరీక్ష నడిచేది మాత్రం కొన్ని సెకన్లు. ధ్వనికంటే ఎన్నోరెట్లు వేగంగా ఎగరాల్సిన ఇంజన్‌ను నేలమీద బిగించి, దాని నోట్లోకి వేడి గాలిని తోస్తాం. అంత హోరుగాలిలో లోపలి మంట ఆరిపోకుండా నిలవాలి. పరిగెత్తే స్కూటర్ వెనక కూర్చుని అగ్గిపుల్ల గీసినవాళ్లకు మా కష్టం కొంత తెలుస్తుంది.

ఆ మంటను చూసే పని నాది. కంటికి కనబడని లేజర్ కాంతిని పల్చటి రేకులా చేసి, క్వార్ట్జ్ గాజు కిటికీలోంచి ఇంజన్ లోపలికి పంపుతాను. మంట ఉన్నచోట ఆ కాంతి తగిలి మెరుపు పుడుతుంది. పక్క కిటికీ దగ్గరున్న కెమెరా రెప్పపాటులో దాన్ని ఫొటో తీస్తుంది.

ఒకసారి ఇంజన్ గోడలో కొత్తగా ఒక గాడి తొలిచాం. గాలి నేరుగా తగలని ఆ గాడిలో మంట తలదాచుకుంటుందని ఆలోచన. అది మా జట్టులో బోయిగూడ నుంచి వచ్చే ఇంజనీరమ్మాయిది. ఎన్నాళ్లుగానో ఆమె మనసంతా ఆ గాడిమీదే ఉంది. వారాంతానికి హాలు వేరే జట్టుకు అప్పజెప్పాలి. ఈలోగా అందులో మంట నిలిచిందని చూపించగలిగితే ఆ డిజైన్ బతుకుతుంది. లేదంటే అటకెక్కుతుంది.

ఆ గాడి పరీక్షకు కొద్దిరోజుల ముందే దసరా వచ్చింది. ఆయుధపూజకు పసుపు, కుంకుమ, బంతిపూలు మోండా మార్కెట్ నుంచి నేనే తెచ్చాను. కంప్రెసర్లకు, స్పానర్ల పెట్టెలకు, ఆఖరికి క్రేన్ కొక్కేనికి కూడా బొట్లు పెట్టారు. కంప్రెసర్లు చూసుకునే టెక్నీషియన్ పళ్లెం పట్టుకుని ఇంజన్ గదివైపు వస్తే గుమ్మంలోనే ఆపేశాను.

"ఇక్కడొద్దు. ఈ అద్దాల మీద చిన్న దుమ్ము పడినా పని చెడుతుంది."

"జెర్ర బొట్టే గద సార్. ఊదుబత్తి ముట్టియ్య, పొగ ఎయ్య."

"వద్దన్నానా!"

అందరి ముందూ గొంతు పెంచాను. అతను పళ్లెంతో వెనక్కి వెళ్లాడు. అందరూ ప్రసాదాలకు వెళ్లాక నాకే మనసొప్పలేదు. అన్నిటికీ పూజ జరిగి నా ఇంజన్‌కు జరగలేదే అనిపించింది. వేలితో కాస్త తడి పసుపు తీసుకుని, కిటికీ చట్రం కింది అంచున చిన్న చుక్క పెట్టాను. అద్దానికి తగలకుండా పెట్టానని నాకు నేనే సర్ది చెప్పుకున్నాను.

పరీక్ష రోజు గాలి హోరుకు నేల అదిరింది. తెరమీద బొమ్మలు వచ్చాయి. సరిగ్గా గాడి ఉన్న మూలలో, తెల్లగా, నిండుగా ఒక మెరుపు! కుర్చీ తన్నేసి లేచాను.

"నిలబడింది! చూడమ్మా, నీ మంట నిలబడింది!"

ఆమె కళ్లు మెరిశాయి. వెంటనే ముడుచుకున్నాయి కూడా. "సార్, ఖాళీ రన్ చెయ్యలే గద మనం."

ఇంధనం లేకుండా ముందొకసారి నడిపి, మంట లేనప్పుడు తెర ఎలా ఉంటుందో చూసుకోవడం మా పనిలో మొదటి పాఠం. గాలి వృథా అని నేనే వద్దన్నాను. తొందరలో కెమెరాకు మామూలుగా వాడే ఇరుకు ఫిల్టర్ బదులు, అన్ని రంగులనూ వదిలేసే వెడల్పుదాన్ని తగిలించిందీ నేనే.

"రేపు చేద్దాంలే" అంటూ అప్పటికే మా ల్యాబ్ నడిపే పెద్దసార్‌కు ఫోన్ కలిపాను.

"జెర ఆగుండ్రి సార్..." అని ఆమె అంటూనే ఉంది.

సాయంత్రం కాప్రాలో ఇంటికి స్వీట్లు పట్టుకెళ్లాను. మా ఆవిడ డబ్బా అందుకుని, "మంట నిలబడినందుకా ఇవి? మన స్టవ్ మీద రోజూ నిలబడుతోందిగా, ఏనాడైనా తెచ్చారా?" అంది. ఇద్దరం నవ్వుకున్నాం.

మర్నాడు నేను హాలుకు వెళ్లేసరికి ఇంజనీరమ్మాయి తెరముందు చేతులు కట్టుకుని నిలబడి ఉంది. తెరమీద అదే మెరుపు.

"మళ్లీ నడిపావా?"

"లేదు సార్. లేజర్ ఒక్కటే షురూ చేసిన. గాలి లేదు, ఇంధనం లేదు, మంట మాత్రం మస్తుగుంది. పెద్దసార్‌కు ఇంకో ఫోన్ కొట్టుండ్రి, పెట్రోల్ అక్కర్లేని ఇంజన్ కనిపెట్టినమని."

నవ్వబోయి ఆగిపోయింది. ఇద్దరం కిటికీ దగ్గరికి వెళ్లి వంగి చూశాం. చట్రం అంచున ఎండిన పసుపు. చెదిరిన లేజర్ కాంతికి అది నియాన్ బోర్డులా వెలుగుతుందని అప్పుడు తెలిసింది. కెమెరా చూపులో ఆ చుక్కా, వెనకనున్న గాడీ ఒకే మూలన పడ్డాయి.

ఆమె టెక్నీషియన్‌ను పిలిచింది. "అన్నా, పూజ నాడు దీనికి పసుపు పెట్టినవా?"

"నేనా? సార్ అంత గరమైనంక ఆ గడప సుత తొక్కలే."

ఆమె నమ్మలేదని ముఖం చూస్తే తెలుస్తోంది. అతను నావైపు చూశాడు. పెట్టింది నేనే అని చెప్పడానికి నాలుక కదలలేదు. గొంతు పెంచడానికి ఏనాడూ ఆలస్యం చేయనివాణ్ని, ఒక మనిషి నిందపడుతుంటే చూస్తూ నిలబడ్డాను. నా తప్పులన్నిటిలో నన్ను ఎక్కువ గుచ్చేది అదే.

"నేనే పెట్టాను" అన్నాను చివరికి. "అతన్ని గుమ్మంలో ఆపి, తర్వాత నేనే పెట్టాను."

టెక్నీషియన్ తల గోక్కున్నాడు. "గట్లనా సార్? మరి నా కంప్రెసర్లకేం తక్లీఫ్ కాలే." అని ట్యాంకులు నింపడానికి వెళ్లిపోయాడు.

పెద్దసార్‌కు వాళ్లిద్దరి ముందే ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన "సరిగ్గా చేసి చెప్పండి" అని పెట్టేశారు.

చట్రం తుడిచాం. ఇరుకు ఫిల్టర్ బిగించాం. మధ్యాహ్నం ఖాళీ రన్. తెరంతా చీకటి! చీకటిని చూసి అంత సంతోషపడతానని ఎన్నడూ అనుకోలేదు. సాయంత్రానికి ట్యాంకులు మళ్లీ నిండాయి. ఈసారి ఇంధనంతో. ఆమె బల్ల అంచు గట్టిగా పట్టుకుంది. నేను నోరు మూసుకున్నాను.

గాడి వెనక గోడను అంటిపెట్టుకుని, సన్నటి వెలుగు. నిన్నటి మెరుపులో పావువంతు కూడా లేదు. తర్వాతి బొమ్మలో వంగింది, ఆ తర్వాతి దానిలో చిరిగింది, మళ్లీ అతుక్కుంది. కదులుతోంది! ఆఖరి బొమ్మదాకా అక్కడే ఉంది.

"ఉన్నది సార్! ఉన్నది, ఉన్నది!" ఆమె గంతులేసింది. గుమ్మంలోంచి టెక్నీషియన్ మెడచాపి చూశాడు. "లోపలికి రా" అని కుర్చీ జరిపాను.

ఫోన్ తీసి పెద్దసార్ నంబరు కలిపి, ఆమె చేతికిచ్చాను.

"మీరు చెప్పరా సార్?"

"నీ మంట. నువ్వే చెప్పు."