ఓడిల్ బాబాయి లద్దె సీసా

మా ఓడిల్ బాబాయికి ఉన్నది ఒకటే పిచ్చి, గుర్రం లద్దె. ఊళ్లో ఏ గుర్రం తోకెత్తినా ఆయన అక్కడ ప్రత్యక్షం. కోటు జేబులోంచి ఖాళీ జామ్ సీసా తీసి, గుప్పెడు లద్దె వేసి, నీళ్లు పోసి గిలకొట్టి, అడుగున ఎంత ఇసుక దిగిందో వెలుగుకు ఎత్తిపట్టి చూస్తాడు.

మాది గుర్రాలెక్కి సముద్రంలో రొయ్యలు పట్టే ఊరు. రొమ్ము దాకా నీళ్లలో వల లాగిన గుర్రాలు ఇంటికొచ్చి మేసేది ఇసుకదిబ్బల మధ్యే. గడ్డితోపాటు ఇసుకా లోపలికి పోయి పేగులో పేరుకుంటుంది. ఆపైన కడుపుశూల. గుర్రానికి పాపం వాంతి కూడా కాదు. అందుకే బాబాయి ఎదురుపడ్డవాళ్లని బాగున్నారా అని అడగడు.

"ఏమే లీవా, లద్దె పడిందా?"

"నాకా, గుర్రానికా?"

"నీ సంగతి నాకెందుకే! బెర్తాకి!"

మా చెల్లెలి పెళ్లిరోజున చర్చి ముందు బండి ఆగగానే గుర్రం తోకెత్తింది. "బాబాయ్, ఇవాళొక్కరోజూ వద్దు!" అని నేను మొత్తుకున్నాను. "పెళ్లని గుర్రం ఆగిందా?" అన్నాడు. పెళ్లి ఫొటోలో ఇప్పటికీ పెళ్లికూతురి వెనక బాబాయి వంగి ఉంటాడు, సీసాతో సహా.

ఈ పిచ్చి ఎక్కడ మొదలైందో ఊరంతటికీ తెలుసు, ఆయన ముందు ఎవరూ ఎత్తరు. ముప్పై ఏళ్ల కిందట ఆయన గుర్రం జుల్మా సముద్రంలోంచి వచ్చి ఇసుకలో పొర్లింది. తడిసిన గుర్రం ఒళ్లారబెట్టుకోవడానికి పొర్లడం మామూలే. ఈయన పదిమందిని పిలిచి మరీ చూపించి నవ్వాడు. అది శూలతో పొర్లుతోందని తెలిసేసరికి ఆలస్యమైపోయింది.

పోయిన వేసవిలో మా గడ్డితొట్టి విరిగింది. రేపు బాగుచేయిద్దాం, ఎల్లుండి చేయిద్దాం అనుకుంటూ మూడు వారాలు బెర్తాకి గడ్డి నేలమీదే వేశాను.

"ఇసుకలో వెయ్యకే! ఎన్నిసార్లు చెప్పాలి?"

"నాలుగు రోజులే కదా బాబాయ్, దానికేం కాదులే."

ఆయన గొణుక్కుంటూ, పేగులో ఇసుక జారిపోవడానికి ఇసబ్‌గోలు పొట్లం ఒకటి మా గోడమీద పెట్టి పోయాడు. నానబెట్టి పెట్టడం నేను మరిచిపోయాను. నా బద్ధకానికి ఇంకో పేరు పెట్టలేను.

ఒక మంగళవారం పొద్దున చూస్తే బెర్తా మాటిమాటికీ తన డొక్కవైపు తిరిగి చూసుకుంటోంది, కాలితో నేల గీరుతోంది. ముందురోజు సాయంత్రం నుంచి లద్దె పడలేదు. పశువైద్యురాలు వచ్చి సూది వేసింది, మందు పోసింది. నేనూ బాబాయీ దాన్ని నడిపిస్తూనే ఉన్నాం. లోపల ఇసుక కదిలే చప్పుడు వస్తోందేమోనని ఆయన దాని పొట్టకి చెవి ఆనించి చాలాసేపు విన్నాడు. లేచి మళ్లీ కళ్లెం అందుకున్నాడు. మధ్యాహ్నానికి బెర్తా కూలిపోయింది.

"పేగు మెలిపడింది లీవా. ఇంక దాన్ని బాధపెట్టొద్దు," అంది వైద్యురాలు.

పద్నాలుగేళ్లు నన్ను అలల్లో మోసిన గుర్రం. దాని తల పట్టుకుని సరేనన్నాను.

"ఇసుక వల్లేనా?" అని తర్వాత అడిగాను.

"కోసి చూస్తేగాని చెప్పలేం."

నేను కోయనివ్వలేదు. చంపింది నేనేనని నాకు తెలుసు. మూడు రోజులు కొట్టం వైపు చూడలేకపోయాను.

నాలుగో రోజు బాబాయి వచ్చి, సీసా తీసి బల్లమీద పెట్టాడు.

"ఇది బెర్తాది. ఆ రోజు పొద్దున తీశాను. చూడు."

నీళ్లు తేటగా ఉన్నాయి. అడుగున ఒక్క ఇసుక రేణువు లేదు.

"ఇసుక కాదే పిచ్చిదానా. పేగు దానంతటదే మెలిపడింది. నీ తప్పేం లేదు."

సీసా చూశాను, ఆయన్ని చూశాను. ఆ పొద్దున బెర్తా లద్దె వేస్తే అసలు వైద్యురాలెందుకు? అది పడకే కదా పోయింది! ఆ సంగతి నాకన్నా ఆయనకే బాగా తెలుసు. పైగా మా ఊళ్లో ఇసుక లేని లద్దె ఎక్కడిది? ఆయన బూట్లనిండా నల్లమట్టి అంటుకుని ఉంది. మా ఇసుకనేలలో నల్లమట్టి లేదు. ముప్పై ఏళ్లుగా ఎవరి మొహమూ చూడకుండా సీసాలో ఉన్నది ఉన్నట్టు చెప్పిన మనిషి, నాకోసం సైకిలు తొక్కుకుంటూ ఏ లోపలి ఊరికి పోయి, ఎవరి గుర్రం వెనక ఎంతసేపు కాచుకున్నాడో.

ఏడుపులోనే నవ్వొచ్చింది.

"అవును బాబాయ్. ఒక్క రేణువు కూడా లేదు."

"మరి! నేనెప్పుడైనా అబద్ధమాడానా?" అన్నాడు, బూట్లు మెల్లగా బల్లకిందికి లాక్కుంటూ.