అలారం రాని టవర్లు

మా ఆఫీసుకు కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చేదాకా నా బల్ల మీద నాలుగు తెరలుండేవి. ఒకటి సెల్‌ఫోన్ టవర్లకు, ఒకటి కేబుళ్లకు, ఒకటి కరెంటుకూ బ్యాటరీలకూ, ఒకటి జనం తిట్లకు. నాలుగింటినీ ఒకే తెరలోకి తెచ్చారు. నాందేడ్‌లో కూర్చుని జిల్లా మొత్తం చూడొచ్చన్నారు, చూశాను. మెడనొప్పి తగ్గిన మాట నిజం.

అది చూపించడంతో ఆగలేదు. ఎక్కడ ఏది పాడైనా తానే కనిపెట్టి, దగ్గర్లో ఉన్న మనిషి ఫోనుకు పని పంపుతుంది. పని అయ్యాక మార్కులు కూడా వేస్తుంది. ముఖేడ్ వైపు టవర్లు చూసే కాక దానికి తహసీల్దారు అని పేరు పెట్టాడు, కుర్చీ కదలకుండా ఊళ్లన్నిటికీ హుకుములిస్తుంది కాబట్టి. కాకకూ నాకూ చుట్టరికం లేదు. ఆఫీసులో నాతో తెలుగు మాట్లాడే పెద్దవాడు, అందుకని కాక. ఆయన రైతులతో మరాఠీ మాట్లాడతాడు, డ్రైవర్లతో హిందీ, బ్యాటరీలతో మాత్రం తెలుగే.

ఆయన పద్ధతి ఆయనది. ముఖేడ్‌లో వారపు బజారుకు ముందురోజు పొద్దున్నే చుట్టుపక్కల టవర్లన్నీ తిరిగి, బ్యాటరీల కొసలకు పట్టిన చిలుము గీకి, నట్లు బిగించి, కందిరీగల గూళ్లు దులిపి వస్తాడు. బజారునాడు ప్రతివాడి చేతిలోనూ ఫోను మోగుతుంది, ఆ రోజు టవరు పడుకోకూడదు. చెయ్యమని ఎవరూ చెప్పలేదు, ఆయనా ఎన్నడూ మానలేదు.

మూడు నెలలకు తహసీల్దారు మార్కులిచ్చింది. ఉమ్రి వైపు చూసేవాడికి మొదటి స్థానం. అతని టవర్లు తెగ పాడయ్యాయి, అతను తెగ బాగుచేశాడు. కాకకు సున్నా. అలారమే రాకపోతే పనెక్కడిది? ఆ వైపు మనిషే అక్కర్లేదని తేల్చి, కాకను కొంకణ్‌కు బదిలీ చెయ్యాలంటూ ముంబై నుంచి జాబితా వచ్చింది. దాన్ని ఖాయం చేసి నెలాఖరులోగా తిరిగి పంపాల్సింది నేను. రిటైరవడానికి రెండేళ్లున్న మనిషిని పట్టుకుని! నాకు ఒళ్లు మండిపోయింది.

"కొంకణ్‌ల చాపలు మస్తుంటయట," అన్నాడు కాక. మెడలో తులసిమాల ఉన్న మనిషి, చేప వాసనకే ముక్కు మూసుకునే మనిషి. కాసేపటికి గొంతు తగ్గించాడు. "మీ చిన్నమ్మకే కష్టం. మరాఠీ సమజైతది గని నోరు తిరగది. ఈడంటే తెలుగోళ్లున్నరు, ఆడ ఎవలతోని మాట్లాడుతది?"

"అయితే నేను చెప్పినట్టు ఇను కాకా. ముందుగాల బాగు చెయ్యకు. అలారం రానియ్యి, అచ్చినంక చెయ్యి. అప్పుడు పని నీ పేరు మీద పడ్తది."

"పాలు పొంగి పొయ్యిల పడ్డంక మంట తగ్గియ్యుమంటవా?"

"అవును. పడనియ్యి."

అయిష్టంగానే తల ఊపాడు. బజారు ముందురోజు ఒక టవరు కింద కూర్చుని నాకు ఫోను చేశాడు. అక్కడ కరెంటు పోయింది, టవరు బ్యాటరీ మీద నడుస్తోంది. నా తెర మీద ఆ బ్యాటరీ తాలూకు నీలిగీత కిందికి జారుతోంది. అది కిందనున్న ఎర్రగీతను తాకితే అలారం.

"అచ్చిందా?"

"రాలే."

"నట్టు వదులున్నది బిడ్డా. నాకు కనవడ్తనే ఉన్నది."

"చూడకు. అటు తిరిగి కూసో."

అరగంటలో నాలుగుసార్లు అడిగాడు. నీలిగీత వెంట్రుకవాసి దూరంలోకి వచ్చింది. అంతలో గీత టక్కున పైకి లేచింది.

"కాకా! ఏం చేసినవ్?"

"చేతులు ఊకుంటలేవు బిడ్డా."

"ఇగ కొంకణ్ పోతవా మరి?"

"పోత. గని రేపు బజారున్నది గదా."

ఫోను పెట్టేశాను. కోపంతో ఆ గీతనే చూస్తూ కూర్చున్నాను. అప్పుడు తట్టింది. వెనకటి వారం గీత తెరిచాను. వారమంతా కొద్దికొద్దిగా దిగడం, బజారు ముందురోజు పొద్దున ఒక్కసారి మెట్టెక్కడం. అంతకుముందు వారం కూడా అదే. ఆయన టవర్లన్నిటికీ అదే. తహసీల్దారు అన్నీ రాసిపెట్టుకునే ఉంది, అడిగినవాళ్లు లేరంతే. మూడు నెలలుగా దాని ముందు కూర్చున్న నేనూ అడగలేదు. సిగ్గేసింది.

ఆ గీతలన్నీ జాబితాకు జతచేసి, ఇవి వాటంతటవే బాగుండే టవర్లు కావు, వీటిని చూసుకునే మనిషి ఉన్నాడు, అని రాసి పంపాను. బదిలీ ఆగింది.

పైవాళ్లు అంతటితో ఊరుకుంటే బాగుండేది. ముచ్చటపడిపోయి కాక పద్ధతినే సాఫ్ట్‌వేర్‌లో పెట్టేశారు. ఇప్పుడు ముఖేడ్ బజారు ముందురోజున జిల్లాలో టవర్లు చూసేవాళ్లందరి ఫోన్లకూ టవరు బ్యాటరీలు శుభ్రం చెయ్యమని హుకుం వెళుతుంది. ముఖేడ్ బజారుకూ తమకూ ఏమిటి సంబంధమని కిన్వట్ వాళ్లు నన్ను తిడుతున్నారు.

హుకుం వెళ్లేది పదింటికి. కాక పని ఎనిమిదికే అయిపోతుంది. పంపని పనిని అయిపోయిందంటే అది ఒప్పుకోదు. మొన్న ఆఫీసుకు వచ్చినప్పుడు ఆటపట్టించాను, "ఆ రెండు గంటలు ఏం చేస్తవ్ కాకా?"

"టవరు కింద కూసుంట. తహసీల్దారు లేచి చెయ్యుమనేదాక ఆగి, అయిపోయిందని నొక్కుత."

నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు.

"కొంకణ్ శాన దూరం బిడ్డా. ఆ దినం నీతోని పోత అంటి గని, ఇంటికి పోతే మీ చిన్నమ్మకు చెప్పనీకె నోరు రాలే."